మిల్లు పని తెలియని నేను, 22 ఏళ్ల అనుభవమున్న డ్రైవర్‌తో ఎలా పని చేయించుకోవాలి?

మండపేట మిల్లు

అందరికీ నమస్కారం. మాది మండపేట దగ్గర చిన్న రైస్ మిల్లు, గంటకు రెండు టన్నుల ధాన్యం ఆడుతుంది. నాన్నగారు పోయి పద్నాలుగు నెలలైంది. నేను బీకామ్ చదివి హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు అకౌంట్స్ ఉద్యోగం చేశాను, అది మానేసి వచ్చి మిల్లు చూసుకుంటున్నాను. బ్యాంకు, సివిల్ సప్లైస్ కాగితాలు, లారీలు, ముఠా కూలి, కరెంటు బిల్లు, ఇవన్నీ ఇప్పటికి నా చేతిలోకి వచ్చాయి. మిషన్ల సంగతి మాత్రం నాకు తెలియదు.

అదంతా మా డ్రైవర్ గారే చూస్తారు (బయటివాళ్ల కోసం చెబుతున్నా, మిల్లులో డ్రైవర్ అంటే మిషన్లు నడిపే ఆయన). 22 ఏళ్లుగా మా దగ్గరే ఉన్నారు. నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను, ఆయన నన్ను అమ్మాయిగారూ అంటారు. మనిషి మీద నాకు అనుమానం లేదు, అది ముందే చెప్పేస్తున్నా.

సమస్య ఏంటంటే, ఈ దాళ్వా (రబీ) ధాన్యం ఆడించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి దిగుబడి పడిపోయింది. సీఎంఆర్ కింద, అంటే ప్రభుత్వం కొన్న ధాన్యం ఆడించి బియ్యం తిరిగి ఇచ్చే పద్ధతిలో, పచ్చి బియ్యమైతే క్వింటా ధాన్యానికి 67 కేజీలు అప్పజెప్పాలి. నాన్నగారి పుస్తకాల్లో 67, 68 కనిపిస్తోంది, నాకు 65 దగ్గరే ఆగిపోతోంది. రోజుకు 200 క్వింటాళ్లు ఆడితే రెండు కేజీల తేడా అంటే నాలుగు క్వింటాళ్ల బియ్యం, ఆ లోటు మేమే భరించాలి. బాబాయ్‌ని అడిగితే "ఎండలకి గింజ పగిలిపోయిందమ్మాయిగారూ, దాళ్వా ధాన్యం అంతే" అంటారు. తాడేపల్లిగూడెం వైపు నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాను, ఆయన అరగంట తిరిగి షెల్లర్ (ధాన్యం పొట్టు ఊడదీసే మిషన్) తీసేసి కొత్తది పెట్టించండి అన్నారు. బాబాయేమో షెల్లర్‌కి ఏమీ కాలేదంటారు. ఇద్దరూ పని తెలిసినవాళ్లే, ఎవరి మాట పట్టుకోవాలో తేల్చుకునే దారి నాకు కనపడటం లేదు. రబ్బర్ రోల్స్ బిల్లు వచ్చినప్పుడూ అంతే, "మళ్ళీనా?" అని అడగడం, సంతకం పెట్టడం.

మా పెదనాన్నగారి అబ్బాయి, ఆయన నిన్ను ఆడిస్తున్నాడు, ముందు మనిషిని మార్చు అంటున్నాడు. అమ్మ దగ్గర ఆ మాట ఎత్తితే భోజనం మానేసేలా ఉంది.

ఓనరుకు పని ఎంతవరకు తెలిసి ఉండాలి? ఆరు నెలలు ఆఫీసు వదిలేసి మిషన్ల దగ్గర నిలబడి అంతా నేర్చుకోవాలా? పని తెలిసిన మేనేజర్‌ని పెట్టుకోవచ్చు, కానీ ఆ మేనేజర్ సరిగ్గా చేస్తున్నాడో లేదో మళ్ళీ నాకెలా తెలుస్తుంది? ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఆకివీడు చెరువులు

చెల్లెమ్మా, నాది రొయ్యల చెరువు కథ, మిల్లు గురించి నాకు ఏమీ తెలియదు. కానీ నువ్వు అడిగింది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి రాస్తున్నా.

నేను హార్డ్‌వేర్ షాపు నడిపేవాణ్ణి. మన దేశంలో వనామీ రకం రొయ్యకి 2009లో అనుమతి వచ్చాక చుట్టుపక్కల ఊళ్లన్నీ చెరువులైపోయాయి కదా, కొన్నాళ్లకు నేనూ ఐదెకరాలు లీజుకు తీసుకున్నా. ఫిషరీస్ చదివిన కుర్రాణ్ణి టెక్నీషియన్‌గా పెట్టుకుని, నీకు తెలుసు కాబట్టి నువ్వే చూసుకో అని చెక్కులు రాసిచ్చి షాపులో కూర్చున్నా. పట్టుబడికి మూడు టన్నులు వచ్చింది, కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది) కూడా పర్వాలేదు, డబ్బు మాత్రం మిగల్లేదు. పక్క చెరువు పెద్దాయన వచ్చి "మేత ఎంత పోశారండీ?" అని అడిగారు. బిల్లులు కూడితే 5.4 టన్నులు. ఆయన ఫోన్‌లో భాగించి నాకు చూపించారు, 1.8. అంటే కేజీ రొయ్యకు 1.8 కేజీల మేత. 1.3 దగ్గర ఉండాల్సింది, అలా చూస్తే 3.9 టన్నులు సరిపోయేది. టన్నున్నర మేత నీళ్లలో కలిసిపోయింది, పైగా అది అడుక్కి చేరి కుళ్లి నీటిని కూడా పాడు చేస్తుంది. ఖర్చులో సగానికి పైగా మేతే ఉండే వ్యాపారంలో ఆ ఒక్క భాగహారం నాకు తెలియదు.

మోసం ఏమైనా జరిగిందా అంటే లేదు. ఆ అబ్బాయికి నాతో కలిపి పద్నాలుగు చెరువులు ఉన్నాయి, వారానికి రెండుసార్లు వచ్చి చార్టు రాసిచ్చి వెళ్లేవాడు. మేత జల్లే మనిషి చార్టు ప్రకారం జల్లేవాడు. చెక్ ట్రే ఎత్తి చూసేవాళ్లే లేరు. మేత వేశాక రెండు గంటలకు ట్రే పైకి లాగితే అందులో మేత మిగిలి ఉందా, ఖాళీ అయిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, అక్కడే తెలిసిపోతుంది. దానికి చదువు అక్కర్లేదు, గట్టు మీద ఉండాలి, అంతే.

రెండో పంటకి షాపు తమ్ముడికి అప్పజెప్పి గట్టు మీద పాకలో పడుకున్నా. ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకి కరెంటు పోయింది, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి. రాత్రంతా నీళ్లలో పచ్చదనం కూడా ఆక్సిజన్ లాగేస్తుంది కాబట్టి తెల్లారే ముందే అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుందని అప్పటికి నాకు తెలుసు. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వారకు వచ్చి పైకి తేలుతున్నాయి. టెక్నీషియన్ ఫోన్ స్విచ్ ఆఫ్. జనరేటర్ నేనే స్టార్ట్ చేశా. మునుపటి పంటలో అయితే షాపు పైన మేడ మీద నిద్రపోతూ ఉండేవాణ్ణి, పొద్దున్నే వచ్చి చచ్చిన రొయ్యను చూసేవాణ్ణి.

ఆ అబ్బాయి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాడు. తెల్లమచ్చ లాంటి రోగం వస్తే ఏం చేయాలో, మినరల్స్ ఎంత వేయాలో నాకు రాదు, నేర్చుకోను కూడా. కానీ పొద్దున డీవో (నీళ్లలో ఆక్సిజన్) ఎంత, ట్రేలో ఏం మిగిలింది, ఇప్పటిదాకా మేత ఎంత పడింది, ఈ మూడూ రోజూ అడుగుతా. నేను అడుగుతానని తెలిసి తనే ముందు మెసేజ్ పెడుతున్నాడు. నువ్వు ఆరు నెలలు కాదు, ఒక సీజన్ మొత్తం లోపల నిలబడు, అది నా సలహా.

రావులపాలెం ఆడిట్

మిల్లు సంగతి తెలియదు మేడమ్, నా వృత్తి వైపు నుంచి ఒక్క మాట. నా దగ్గరకి వచ్చే ఓనర్లలో చాలామందికి జీఎస్టీ రూల్స్ తెలియవు, తెలియాల్సిన పని కూడా లేదు, దానికే మమ్మల్ని పెట్టుకుంటారు. కానీ పోర్టల్ పాస్‌వర్డ్ గుమస్తా దగ్గర, ఓటీపీ వచ్చే ఫోన్ నంబర్ ఎప్పుడో మానేసిన పాత గుమస్తాది, ఇలాంటివి ఎన్నో చూశాను. నోటీసు వచ్చి మూడు నెలలైనా ఓనరుకు తెలియదు. పని వాళ్లు చేస్తారు, తాళం మీ దగ్గర ఉండాలి. మిల్లులో కూడా అలాంటి తాళాలు ఉండే ఉంటాయి, ఉదాహరణకి వేబ్రిడ్జి చీటీ ఎవరు రాస్తున్నారు?

ఊరూరా మిల్లు

నేను మిల్లు డ్రైవర్‌నండి. 19 ఏళ్లలో ఏడు మిల్లులు మారాను, తణుకు వైపు, ఇప్పుడు రామచంద్రపురం వైపు. అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ బాబాయ్ స్థానంలో ఉండే మనిషిగా రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

దాళ్వా ధాన్యం ఎండకు పగులుతుంది, అది నిజం. ఏప్రిల్ ఎండలో కోసిన గింజకి లోపల నెర్రెలు వస్తాయి, మిల్లులో పడగానే విరుగుతుంది. అందుకే దాళ్వాను చాలామంది ఉప్పుడు బియ్యానికి పంపేది. కానీ ఒకటి గమనించండి. గింజ విరిగితే నూక పెరుగుతుంది, బియ్యం నూక కలిపిన తూకం అంతగా పడిపోకూడదు. మీకు మొత్తం తూకమే పడిపోయిందంటున్నారు. అంటే కొంత ఎక్కడికో వెళ్లిపోతోంది. వెళ్లే దారులు మూడే, గాల్లోకి తేమగా, ఊకలోకి, తవుడులోకి.

ముందు తేమ చూడండి. 17 శాతం తేమతో కొన్న క్వింటా ధాన్యం 14కి ఆరబెడితే 96.5 కేజీలే ఉంటుంది. దాంట్లో 67 శాతం తీసినా, కొన్న తూకంతో లెక్క కడితే 64.7 వస్తుంది. మిషన్ల తప్పు ఏమీ లేకుండానే. మీరు ఏ తూకం మీద లెక్క కడుతున్నారో చూసుకోండి, అది మీకు వచ్చిన విద్యే.

తరువాత ఒక చేట తీసుకుని ఊక కుప్ప దగ్గరకి వెళ్లండి. గుప్పెళ్లు పోసి చెరగండి. మంచి గింజ కనపడితే ఊకను లాగే గాలి ఎక్కువైంది, సర్దుకోవచ్చు. ఆ తరువాత తవుడు. సన్న జల్లెడలో పోసి జల్లిస్తే పైన నూక మిగులుతుంది. చిటికెడు ఉంటే సహజం. గుప్పెడు ఉంటే బియ్యం పైపొర తీసే పాలిషర్‌లో జల్లెడ అరిగిపోయి కన్నాలు పెద్దవయ్యాయని అర్థం. క్వింటాకి తవుడు ఏడెనిమిది కేజీలు రావాలి, తొమ్మిది దాటితే ఆలోచించాలి. ఇదంతా చేయడానికి మీరు ఒక్క నట్టు కూడా విప్పక్కర్లేదు.

షెల్లర్ మార్చమన్న ఆయన ధాన్యం పోయించి చూశారా, ఊరికే చూసి చెప్పారా? అందులో రెండు రబ్బర్ రోల్స్ ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా. ఆ వేగం తేడాతోనే పొట్టు ఊడుతుంది. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది కాబట్టి మధ్యలో అటుదిటు మారుస్తాం. బాగా అరిగాక ఊడటం తగ్గుతుంది, అప్పుడు బిగించాలి, మరీ బిగిస్తే గింజ విరుగుతుంది. అందుకే రోల్స్ ఖర్చు దగ్గర పిసినారితనం చేస్తే నూక రూపంలో కట్టాల్సి వస్తుంది. ఇంకోటి, స్వర్ణ ధాన్యంలో సన్న రకం బీపీటీ కలిపి పోస్తే ఏ డ్రైవర్ వల్లా కాదు. లావు గింజకి సర్దితే సన్నది ఊడదు, సన్నదానికి సర్దితే లావుది విరుగుతుంది. ధాన్యం దింపేటప్పుడు రకాలు కలవకుండా చూడటం ఓనర్ల పని.

ఇక మనసులో మాట. నేను చూసిన ఓనర్లలో ఏమీ తెలియకుండా ఉండేవాళ్లతో ఇబ్బంది లేదు, నేర్చుకుంటామంటే చెబుతాం. నాలుగు వీడియోలు చూసి వచ్చి మేం లేనప్పుడు గేటు తిప్పేవాళ్లతో చాలా కష్టం. మీరు అలా కాదు, అడుగుతున్నారు. కానీ రోల్స్ బిల్లు చూసి "మళ్ళీనా" అంటానని రాశారు చూడండి, అది ఆపేయండి అమ్మా. పెద్దాయన ఉన్నప్పుడు ఆ మాట విని ఉండడు మీ బాబాయ్. రెండుసార్లు అలా వింటే మూడోసారి అడగాల్సింది అడగకుండా పాతదాంతోనే లాగిస్తాం, నేనూ అలా లాగించినవాణ్ణే. "ఎన్ని గంటలు నడిచింది బాబాయ్, పాతది చూపించు" అనండి. అప్పుడు ఆయనకి చెప్పాలనిపిస్తుంది.

కడియం మొక్కలు

డ్రైవర్ గారు రాసింది బాగుంది. ఆకివీడు వారితో మాత్రం నాకు సగమే పొత్తు కుదిరింది. పని నేర్చుకుంటే సగం చిక్కులు పోతాయనుకుంటారు, నాకు పని వచ్చు, అయినా చిక్కే.

మాది కడియపులంకలో నర్సరీ. మామిడి అంట్లు కట్టడం పన్నెండేళ్లప్పుడే మా అమ్మ దగ్గర నేర్చుకున్నా. ఇప్పుడు సీజన్‌లో తొమ్మిదిమంది అంటు కట్టేవాళ్లు పని చేస్తారు. నాకు పని తెలుసు కాబట్టి ప్రతి ఒక్కరి వెనకా నిలబడి కోత అలా కాదు ఇలా, టేపు ఇంకా బిగించు అని చెబుతూ ఉండేదాన్ని. మంచి చెయ్యి ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒక ఏడాది నా దగ్గర మానేసి పక్క నర్సరీకి వెళ్లిపోయారు. నా కళ్ల ముందే వాళ్లు కట్టినవి అక్కడ చక్కగా చిగురేశాయి. వాళ్ల కోత నాకన్నా వేరుగా ఉండేది, తప్పుగా కాదు.

అసలు తప్పు ఇంకోచోట ఉంది. నేను కట్టిన అంటుకి ఇంత అని లెక్క పెట్టి కూలి ఇచ్చేదాన్ని. కాబట్టి అందరూ వేగంగా కట్టేవాళ్లు, సగం ఎండిపోయేవి, నేను వెనకాల నిలబడి అరిచేదాన్ని. తరువాత రోజు కూలి మామూలుగా ఇచ్చి, నలభై రోజులకి చిగురేసి నిలబడిన అంటుకి పైన ఇంత అని మార్చాను. ఎవరు కట్టారో తెలిసేలా ఒక్కొక్కరికీ ఒక రంగు టేపు ఇచ్చాను. ఇప్పుడు ఎండ ఎక్కువ ఉన్న పూట వాళ్లే ఆపేసి నీడకి వెళ్తున్నారు, కొమ్మ ముదిరిందని వాళ్లే తిప్పి పంపిస్తున్నారు.

అందుకని మిల్లు అమ్మాయికి నేను చెప్పేది, మీ బాబాయ్‌కి జీతం దేనికి ఇస్తున్నారో చూసుకోండి. మిల్లు ఆగకుండా నడిచినందుకా, బియ్యం సరిగ్గా దిగినందుకా? ఎన్ని గంటలు నడిచిందనే అడుగుతూ ఉంటే ఆయన ఆపి జల్లెడ ఎందుకు చూస్తారు?

ఆకివీడు చెరువులు

అక్కగారూ, మీరన్నది ఒప్పుకుంటున్నా. కానీ చిగురేసిన అంటుకి డబ్బివ్వాలని మీకు తట్టింది మీకు అంటు కట్టడం వచ్చు కాబట్టే. నాలాంటివాడు అయితే కట్టినవాటికే ఇస్తూ ఉండేవాణ్ణి.

మండపేట మిల్లు

ఆలస్యమైంది, క్షమించండి. తొమ్మిది రోజుల తరువాత రాస్తున్నాను, అందరికీ చాలా చాలా థాంక్స్.

డ్రైవర్ గారు చెప్పినట్టు ముందు నా లెక్క చూసుకున్నాను. నాన్నగారి పుస్తకం మళ్ళీ తీస్తే ప్రతి లాటుకీ రెండు తూకాలు రాసి ఉన్నాయి, రెండోదాని పక్కన చిన్నగా "ఆరినది" అని. ఆయన 67 అంతా ఆరిన తూకం మీద కట్టినది. నేను కొన్న తూకం మీద కడుతున్నాను. పద్నాలుగు నెలలుగా అదే పుస్తకం చూస్తున్నా ఆ మాట నా కంటికి ఆనలేదు.

తరువాత పది క్వింటాళ్ల లాటు ఒకటి విడిగా పెట్టి ఆడించాను. ఆరాక 983 కేజీలు తూగింది. బియ్యం, నూక కలిపి 650. అంటే ఆరిన తూకం మీద 66 పైన వచ్చింది. మిగిలిన తేడా కోసం తవుడు తూచాను, 92 కేజీలు. ఊక చెరిగితే గింజ దాదాపు లేదు. తవుడు మా వంటింటి జల్లెడలో జల్లించి పైన మిగిలింది పళ్లెంలో పోసుకుని బాబాయ్ దగ్గరకి తీసుకెళ్లాను. ఏమీ అడగలేదు, పళ్లెం చూపించానంతే. ఆయన వేళ్లతో కాసేపు కలిపి చూసి, మిల్లు ఆపించి, పాలిషర్ తలుపు తీశారు. జల్లెడ ఒక పక్కన కన్నాలు కలిసిపోయి చీలికలా అయిపోయింది.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "మూడు నెలల కిందటే అడగాల్సింది అమ్మాయిగారూ. మీరు బ్యాంకు గొడవలో ఉన్నారు, రోల్స్‌కే అంత ఇబ్బంది పడ్డారు, ఇంకో ఖర్చు ఎందుకు చెప్పడమని ఊరుకున్నా" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. "మళ్ళీనా" అన్న మాట మీరు చెప్పిన చోటే తగిలింది డ్రైవర్ గారూ.

కొత్త జల్లెడ వేశాక ఇంకో పది క్వింటాళ్లు ఆడించాం, ఆరాక 985 కేజీలు, బియ్యం నూక కలిపి 659. షెల్లర్ జోలికి పోలేదు. ప్రభుత్వానికి అప్పజెప్పే లెక్క మాత్రం కొన్న తూకం మీదే కాబట్టి తేమ దగ్గర ఇంకా నష్టం ఉంది, గేటు దగ్గరకి తేమ మీటర్ తెప్పించాను, లారీ లోపలికి రాకముందే మూడు బస్తాల్లోంచి తీసి నేనే చూస్తున్నాను. కడియం అక్కగారు చెప్పిన జీతం సంగతి అమ్మతో మాట్లాడాను, సార్వా (ఖరీఫ్) ధాన్యం వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చుకుంటాం.

నిన్న సాయంత్రం బాబాయ్ ఆఫీసు గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడ్డారు. రేపు రోల్స్ అటుదిటు మారుస్తున్నాం, ఏడింటికల్లా వస్తే అరిగింది ఎలా ఉంటుందో చూపిస్తా, పాత చీర కట్టుకుని రండి, నల్లగా అంటుకుంటుంది అన్నారు.